పెద్దమేస్త్రి పని మానేసిన మూడేళ్లు

డ్రాయింగు టీచరమ్మ ఆ రేడియోను దుప్పటిలో చుట్టి, కారు వెనక సీట్లో కూర్చోబెట్టి, దానికి బెల్టు కూడా పెట్టి తీసుకొచ్చింది. దించేటప్పుడు ఎవరినీ చెయ్యి వెయ్యనివ్వలేదు. చెక్కసామాను పాలిష్ కొట్టులోని పొడవాటి బల్ల మీద పెట్టి, దుప్పటి విప్పి, ఒకడుగు వెనక్కి జరిగింది.

"మీరు ఐదోవారు," అంది. "మిగతా నలుగురూ ఒకటే పాట పాడారు. మీరూ అదే అనేటట్టయితే ఇప్పుడే అనేయండి. మళ్లీ చుట్టేస్తాను."

కోడలు నవ్వింది. ఆ వీధిలో అందరూ ఆమెను కోడలనే పిలుస్తారు. కొట్టు ఆమె మామగారిది. నలభై ఏళ్లు ఆ బల్ల దగ్గరే నిలబడి పనిచేసిన ఆయన్ని పెద్దమేస్త్రి అంటారు. ఆమెకు పని నేర్పుతున్న రోజుల్లో వచ్చినవాళ్లందరికీ "మా కోడలు, మా కోడలు" అని చెప్పి చెప్పి ఆయనే ఆ పేరు స్థిరం చేసేశాడు. ఇప్పుడు పోస్టుమాన్ కూడా కవరు చేతిలో పెట్టి "సంతకం చెయ్యి కోడలా" అంటాడు.

ఆమె రేడియో చుట్టూ తిరిగి చూసింది. పై అంచులు గుండ్రంగా వంపు తిరిగిన పెట్టె. ముందు జాలీగుడ్డ, దాని కింద అంకెల అద్దం, రెండు మీటలు. చెక్క గట్టిగానే ఉంది. పాలిష్ మాత్రం నల్లబడి, ఎండిన బురదలా నెర్రెలిచ్చి, గోరు తగిలితే పెచ్చులు లేచేలా ఉంది. పైభాగంలో ఆవిరి పట్టిన అద్దంలా తెల్లటి మచ్చ.

"గీకేసి కొత్త పాలిష్ వేస్తే అద్దంలా మెరుస్తుందండీ," అంది.

"అదే పాట," అంటూ టీచరమ్మ దుప్పటి అందుకుంది. మళ్లీ ఆగింది. "ఒక్క మాట చెప్పి వెళతాను. మా అమ్మ రేడియో పెట్టెల కార్ఖానాలో పాలిష్ పని చేసింది. ఇరవై మంది ఆడవాళ్లు వరసగా కూర్చుని రుద్దేవారట. ఇది ఆమె రుద్దిన పెట్టె. ఈ ఎడమ పక్కన చూడండి, సన్నగా చార పడిందా? దీన్ని చూసే తనిఖీ ఆయన పనికిరాదని తిప్పికొట్టాడు. ఆ తర్వాత పెళ్లికి ఆమెకే ఇచ్చేశారు. అమ్మకు చదువు రాదు. ఆమె రాసిన కాగితం ముక్క లేదు. ఉన్న ఒక్క ఫొటోలో కళ్లు మూసుకుంది. ఆమె చేత్తో చేసినదంటూ మిగిలింది ఈ పాలిష్ ఒక్కటే. దీన్ని గీకేస్తే నాకు మిగిలేది వట్టి పెట్టె."

కోడలు వంగి ఆ చారను చూసింది.

"ఇక్కడొక పెద్దాయన ఉన్నారని, పాత పాలిష్‌ను ఉన్నచోటే కరిగించి మళ్లీ కూర్చోబెడతారని చెప్పారే?"

"మా మామగారండీ. ఆయన మానేశారు."

"ఒంట్లో బాగుండదా?"

"బాగానే ఉంటారు. వయసు కదండీ, కొంచెం మతిమరుపు."

ఈ మాట ఆమె మూడేళ్లుగా ఎంతమందికి చెప్పిందో లెక్కలేదు. నోరు అలవాటుగా అనేస్తుంది. అన్న ప్రతిసారీ ఎదుటివాళ్ల కళ్లలోకి చూడలేకపోతుంది. బహుశా ఆ ఇబ్బంది వల్లనే, చెయ్యగలనో లేదో ఆలోచించకుండా, "వారం రోజులు ఉంచి వెళ్లండి. గీకనని మాటిస్తున్నాను," అనేసింది.

మూడేళ్ల కిందట కళ్ల డాక్టరుగారి రాతబల్ల కొట్టుకు వచ్చింది. వాళ్ల తాతగారి నాటిది. అప్పటికి కోడలు పనిలో చేరి ఏడాది. ఆమె భర్త సామాన్లు చేరవేసే వ్యాను నడుపుతాడు. భార్య కొట్టులో నిలబడటం అతనికి సుతరామూ ఇష్టం లేదు. "ఆ మందులూ సీసాలూ నీవల్ల అయ్యే పనేనా? ఎప్పుడో ఒకరోజు కొంప ముంచుతావు," అని రోజూ సాధించేవాడు. పెద్దమేస్త్రే కొడుక్కి అడ్డుపడ్డాడు. "నీకు నేర్పుదామని పదేళ్లు నీ వెంటపడ్డాను. నువ్వేమో స్టీరింగు పట్టుకున్నావు. అమ్మాయి గుడ్డ పట్టుకుంటానంటే నీకేంట్రా నొప్పి?" అన్నాడు. అక్కడితో ఆ గొడవ పైకి చల్లారింది.

రాతబల్ల వచ్చిన రోజే రంగు ఊడగొట్టే మందు డబ్బా అడుగున చిల్లిపడి కారసాగింది. కోడలు ఆ మందును ఖాళీగా ఉన్న స్పిరిట్ సీసాలో పోసింది, డబ్బాను చెత్తబుట్టలో వేసింది. సీసా మీద పేరు మార్చి రాద్దామనుకుంటుండగానే ఎవరో విరిగిన కుర్చీ పట్టుకుని వచ్చారు. ఆ మాటల్లో పడి మరిచిపోయింది.

మర్నాడు పెద్దమేస్త్రికి జలుబు. రెండు ముక్కులూ దిబ్బడేసుకుపోయి ఉన్నాయి. ఆయన ఎప్పటిలాగే అల్మారాలో స్పిరిట్ ఉండే చోటునుంచి, స్పిరిట్ అని రాసి ఉన్న సీసా తీసి, గుడ్డ తడిపి, బల్ల పొడవునా ఒక్క ఊపులో తుడిచాడు. కోడలు వెనక గదిలో ఉంది. ఆయన అరవలేదు. "అమ్మాయ్," అని పిలిచాడు. ఆ పిలుపుకే ఆమె చేతిలో పని వదిలేసి పరుగెత్తింది.

వచ్చి చూసేసరికి బల్ల మీద పాలిష్ పొంగుతున్న పాలలా బుడగలు లేస్తోంది. దాని కింద అతికిన పల్చటి చెక్క పొర కూడా ముడతలు పడుతోంది. పెద్దమేస్త్రి నీళ్ల కోసం పెరట్లోకి పరుగెత్తాడు. కోడలు సీసా వాసన చూసింది. విషయం అర్థమైంది.

ఆ తర్వాత ఆమె చేసినదానికి రెండు నిమిషాలు పట్టి ఉంటుంది. సీసాను స్నానాలగదిలోకి తీసుకెళ్లి తూములో ఒంపేసింది, కడిగింది, పెద్ద క్యానులోంచి మంచి స్పిరిట్ పోసి తెచ్చి అదే చోట పెట్టింది. అంతటితో ఊరుకోలేదు. చెత్తబుట్టలోంచి ఆ ఖాళీ డబ్బా తీసి, మామగారు నిలబడే చోటుకు దగ్గరగా, బల్ల కింద పెట్టింది. అంతసేపూ ఆమె చెవుల్లో భర్త గొంతే మోగుతోంది. ఎప్పుడో ఒకరోజు కొంప ముంచుతావు.

అందరూ చేరి చూశారు. సీసాలో స్పిరిటే ఉంది. మందు డబ్బా ఖాళీగా కాళ్ల దగ్గర ఉంది. "నాన్నా, నువ్వు చూసుకోకుండా ఇది తీసి ఉంటావు," అన్నాడు కొడుకు. "లేదురా, నేను సీసాయే తీశాను," అన్నాడు పెద్దమేస్త్రి. రెండోసారి అడిగినప్పుడు, "సీసాయే తీశాననుకుంటున్నాను," అన్నాడు. మూడోసారికి మాట్లాడలేదు.

డాక్టరుగారు మంచివాడు. బల్లకు కొత్త పైచెక్క వేయించుకుని ఊరుకున్నాడు. పైగా పెద్దమేస్త్రిని తన ఆసుపత్రికి పిలిపించుకుని కళ్లు పరీక్షించాడు. ఈ వయసులో ఇంత మంచి చూపు తాను చూడలేదన్నాడు. ఆ మాట విని ఇంట్లో అందరూ సంతోషించారు. పెద్దమేస్త్రి మాత్రం గుమ్మంలోనే నిలబడి, వేలితో కణత మీద రెండుసార్లు తట్టుకుని, "కళ్లు బాగున్నాయంటే పోయింది ఇదన్నమాట," అన్నాడు.

ఆ వారమే కొట్టు తాళాలు కోడలి చేతిలో పెట్టాడు. ఆ నెలలో కొడుకు ఆయన స్కూటరు తాళం కూడా తీసేసుకున్నాడు. ఆయన ఎదురు చెప్పలేదు. తనకు తానే కాపలా కాసుకోవడం మొదలుపెట్టాడు. చిన్న చిన్న చీటీలు రాసి ఇంటినిండా అతికించేవాడు. పొయ్యి పక్కన "ఆపేశావు" అని. తలుపు మీద "గడియ వేశాకే పడుకో" అని. అద్దం మీద "మాత్ర పొద్దున ఒకటే" అని. నిజానికి ఆయన ఒక్కనాడూ పొయ్యి మరిచిపోలేదు. ఒక్క మాత్రా రెండుసార్లు మింగలేదు. చీటీల వల్లనే మరిచిపోవడం లేదని ఆయన నమ్మకం. అవునేమోనని మిగతావాళ్లూ అనుకున్నారు. కోడలు ఆ చీటీల మధ్యే మూడేళ్లు వంట చేసింది.

టీచరమ్మ వెళ్లిన మర్నాడు కోడలు రేడియో అడుగుభాగంలో, ఎవరికీ కనబడని మూలన, ఒక చుక్క స్పిరిట్ వేసి చూసింది. వేలికి జిగురు తగిలింది. అంటే లక్క పాలిషే, కరుగుతుంది. ధైర్యం చేసి కుంచెతో బెత్తెడు మేర పూసింది. పాత పాలిష్ కరిగినట్టే కరిగి, కుంచె వెనకాలే ఈడ్చుకుపోయి, గట్లు గట్లుగా నిలిచిపోయింది. ఆమెకు కొత్త పాలిష్ వెయ్యడం వచ్చు. పాతదాన్ని బతికించడం నేర్పుతానంటూనే మామగారు పని మానేశాడు. మానేశాడనుకోవడం కూడా ఆమెకు అలవాటైపోయింది.

ఆయన వెనక గదిలో కిటికీ దగ్గర కూర్చుని చీటీలకు కాగితం కత్తిరిస్తున్నాడు.

"మావయ్యా, ఒకసారి కొట్టులోకి వస్తారా?"

"నేనెందుకమ్మా?"

ఆమె రేడియో సంగతి చెప్పింది. టీచరమ్మ వాళ్లమ్మ సంగతీ చెప్పింది. ఆయన కత్తెర పక్కన పెట్టి విన్నాడు.

"చార ఏ పక్కనుంది?"

"ఎడమ పక్క."

"కుడిచేతి వాటం మనిషే. చివర్లో చెయ్యి అలిసిపోయి ఉంటుంది. ఆ పూటకి అదే ఆఖరి పెట్టె అయి ఉంటుంది," అన్నాడు. ఆయన కళ్లలో ఒక వెలుగు వచ్చి, వెంటనే ఆరిపోయింది. "వద్దమ్మాయ్. ఇంకొకరి అమ్మ చేతిపని. డాక్టరుగారి బల్లలా అయితే ఆవిడకు ఏం సమాధానం చెబుతాం?"

"మీరు చెయ్యి పెట్టొద్దు. పక్కన కూర్చుని చెప్పండి. నేను చేస్తాను."

చాలాసేపటికి సరేనన్నాడు. లేస్తూ ఒక షరతు పెట్టాడు. "ఏ సీసా తీసినా నువ్వు వాసన చూసి నాకు చెప్పాలి. నా మాట మీద మాత్రం ఏదీ తియ్యకు."

మొదటి రోజు టర్పెంటైన్‌తో మురికి తీయడానికే సరిపోయింది. మెత్తటి గుడ్డ తడిపి తుడుస్తుంటే దశాబ్దాల పొగా జిడ్డూ కాఫీ రంగులో దిగాయి. పెద్దమేస్త్రి స్టూలు మీద కూర్చుని, చేతులు ఒళ్లో కట్టేసుకున్నట్టు పెట్టుకుని చెబుతున్నాడు. "రుద్దకు. తుడువు. పసిపిల్ల మూతి తుడిచినట్టు." ఆమె బలంగా నొక్కినప్పుడు, "అది పసిపిల్ల, గిన్నె కాదు," అని కసిరాడు. మూడేళ్ల తర్వాత మొదటిసారి ఆయన కసురు విని కోడలికి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

కానీ ప్రతి సీసాకూ ఆగేవాడు. "టర్పెంటైనేనా? చూశావా?" "చూశాను మావయ్యా." "ఇంకోసారి చూడు."

రెండో రోజు గాలిలో తేమ ఉందని పని ఆపించాడు. తేమలో స్పిరిట్ పూస్తే పాలిష్ తెల్లబడుతుందట. మూడో రోజు ఎండ కాసింది. కోడలు వెడల్పాటి మెత్తని కుంచె తీసుకుంది. రేడియోను పక్కకు పడుకోబెట్టి కుడివైపుతో మొదలుపెట్టమన్నాడాయన.

"కుంచె నిండా ముంచు. ఈ చివరనుంచి ఆ చివరకి ఒక్కటే గీత. వెనక్కి రాకు. తప్పు పోయిందనిపించినా వెనక్కి రాకు. అది కరిగి తనంతట తనే సర్దుకుంటుంది."

ఆమె గీసింది. తడి తగిలినచోట నెర్రెలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి, నల్లటి పొర కిందనుంచి ఎర్రటి తేనెరంగు పైకి వచ్చింది. పెద్దమేస్త్రి ముందుకు వంగాడు. తెలియకుండానే ఆయన కుడిచెయ్యి గాల్లో ఆమె కుంచెతో పాటు కదిలింది.

"ఎంత బాగా వేసిందో చూడు మహాతల్లి," అన్నాడు. "ఎన్ని పూతలు!"

సగం పక్క అయ్యేసరికి గిన్నెలో స్పిరిట్ అయిపోయింది. కోడలు అల్మారాలోంచి సీసా తీసింది.

"అమ్మాయ్, అది స్పిరిటేనా?"

"స్పిరిటే మావయ్యా."

"వాసన చూసే చెబుతున్నావా? నేను కూడా ఆ రోజు స్పిరిటే అనుకున్నాను. ఈ చేత్తోనే తీశాను. సీసాయే తీసినట్టు నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంటుంది. అదే భయమమ్మా. మరిచిపోతే మరిచిపోయాననుకోవచ్చు. జరగనిది జరిగినట్టు ఇంత బాగా గుర్తుండటమేమిటి? అందుకే నన్ను నమ్మొద్దంటాను."

కోడలు సీసాను గిన్నె పక్కన పెట్టేసింది.

"మీరు సీసాయే తీశారు," అంది.

ఆయనకు అర్థం కాలేదు.

"మావయ్యా, మీరు ఆ రోజు స్పిరిట్ సీసాయే తీశారు. అందులో మందు పోసింది నేను. డబ్బా కారుతోందని పోశాను. పేరు రాయడం మరిచిపోయాను."

పెద్దమేస్త్రి కాసేపు ఆమెను చూశాడు. తర్వాత అల్మారా వైపు చూశాడు. మాట్లాడినప్పుడు ఆయన గొంతులో కోపం లేదు. పని గురించి అడిగినట్టే అడిగాడు.

"తర్వాత మా అబ్బాయి ఆ సీసా వాసన చూశాడు. స్పిరిట్ ఉంది."

"నేను మార్చాను. మీరు నీళ్లకు వెళ్లినప్పుడు."

"డబ్బా బల్ల కింద ఉంది. కారే డబ్బాను కొట్టులో ఎవరూ ఉంచరు. పారేస్తారు."

ఆ డబ్బా సంగతి చెప్పకుండా దాటేద్దామనుకుంది. ఆయన బుర్ర దాన్ని కూడా పట్టుకుంది. "పారేశాను మావయ్యా. చెత్తబుట్టలోంచి తీసి నేనే అక్కడ పెట్టాను."

ఆయన రెండు చేతులూ మోకాళ్ల మీద ఆనించి, నేలకేసి చూస్తూ కూర్చున్నాడు. కోడలు ఆయన కాళ్ల దగ్గర కూర్చోబోయింది.

"ఆరిపోతోంది," అన్నాడు, తలెత్తకుండానే. "సగంలో ఆపితే గీత పడుతుంది. ముందు ఆ పక్క పూర్తి చెయ్యి."

కళ్లు మసకబారుతుంటే మోచేత్తో తుడుచుకుంటూ ఆమె పూర్తి చేసింది. ఆఖరి గీత అయ్యేదాకా ఆయన చూశాడు. అప్పుడు లేచి, గుమ్మం దగ్గర ఆగి, "మూడేళ్లమ్మాయ్," అన్నాడు. "నాకు ఇంకా ఎన్ని ఉన్నాయనుకున్నావు?"

సమాధానం కోసం ఆగలేదు.

మధ్యాహ్నం భోజనానికి ఆమె పిలవబోతే గదిలో లేడు. సాయంత్రమైనా రాలేదు. మూడేళ్లలో ఆయన ఒంటరిగా వీధి మలుపు దాటింది లేదు. భర్త వ్యాను నిలిపి లోపలికి వచ్చేసరికి కోడలు గుమ్మంలోనే ఉంది. చెప్పులు విప్పనివ్వకుండా, నిలబెట్టే మొత్తం చెప్పేసింది. సీసా, తూము, డబ్బా, అన్నీ.

అతను తలుపుకు ఆనుకున్నాడు.

"నేనేమైనా అంటానని భయపడ్డావా?"

"అవును."

"అనేవాణ్ణే," అన్నాడు. "చచ్చేదాకా అంటూనే ఉండేవాణ్ణి." అరచేతిలో ఉన్న వ్యాను తాళాన్ని చూసుకున్నాడు. "స్కూటరు తాళం ఇమ్మన్నప్పుడు నాన్న ఎందుకురా అని ఒక్క మాట కూడా అడగలేదు. చిన్నపిల్లాడిలా జేబులోంచి తీసి ఇచ్చేశాడు. నేను తీసేసుకున్నాను."

ఇద్దరూ వెతకడానికి బయలుదేరబోతుంటే పెద్దమేస్త్రి వచ్చాడు. చొక్కా చెమటకు తడిసి ఉంది. రెండు బస్సులు మారి, తనకు పని నేర్పిన గురువుగారి ఇల్లు ఉండే వీధికి వెళ్లి వచ్చానన్నాడు. ఆ ఇల్లు ఇప్పుడు లేదు. "దారి తప్పుతానేమో చూద్దామని వెళ్లాను," అన్నాడు కొడుకుతో. "తప్పలేదు." కోడలి వైపు చూడలేదు. మంచినీళ్లు ఇస్తే తాగి, గ్లాసు ఆమె చేతికివ్వకుండా బల్ల మీద పెట్టాడు.

ఆ రాత్రి ఆమె తిండి ముట్టలేదు. చెప్పేస్తే బరువు దిగుతుందని ఎవరెవరో అంటుంటే విన్నది. ఆమెకు దిగలేదు. ఇన్నాళ్లూ ఒక్కతే మోసింది, ఇప్పుడు ఇంట్లో ముగ్గురూ మోస్తున్నారు. అంతే తేడా.

పొద్దున్నే లేచి చూస్తే పొయ్యి పక్కన చీటీ లేదు. తలుపు మీదా అద్దం మీదా లేవు. అతికించినచోట తెల్లటి జిగురు మరకలు మాత్రం ఉన్నాయి. కొట్టు తలుపు తెరిచి ఉంది. పెద్దమేస్త్రి బల్ల ముందు నిలబడి, పాత ముతక చొక్కా చేతులు మడుచుకుంటున్నాడు.

అల్మారాలోంచి సీసా తీశాడు. మూత తిప్పి తనే వాసన చూశాడు. ఎవరినీ అడగలేదు.

రేడియో పైభాగం, ఆ తెల్లమచ్చ ఉన్నచోటు, ఆయనే చేశాడు. నాలుగు గీతలకు మచ్చ కరిగిపోయింది. వంపు తిరిగిన అంచుల మీద కుంచె ఎక్కడా ఆగకుండా జారిపోయింది. ఎడమ పక్కకు వచ్చినప్పుడు చార ఉన్నచోట స్పిరిట్ పల్చగా, తగిలీ తగలనట్టు పూశాడు.

"చార పోకూడదు," అన్నాడు. ఆ పొద్దు ఆయన మాట్లాడిన మొదటి మాట అది. ఎవరితో అన్నాడో చెప్పలేం. గదిలో ఉన్నది కోడలొక్కతే.

రెండు రోజులు ఆరనిచ్చి, సన్నటి ఉక్కుపీచును నూనెలో ముంచి మెల్లగా రుద్దించాడు. తర్వాత గుడ్డ ఉండ కట్టి, పల్చటి లక్కను నాలుగైదు సార్లు పైపైన తిప్పాడు. పనికి కావలసినంతే మాట్లాడేవాడు. "పట్టు." "తిప్పు." "చాలు." అమ్మాయ్ అనడం మాత్రం మానేశాడు. కోడలికి ఆ పిలుపు కోసం చెవులు రిక్కించి ఉండటం అలవాటైంది.

వారానికి టీచరమ్మ వచ్చింది. రేడియో కిటికీ వెలుగులో తేనెరంగులో నిగనిగలాడుతోంది. ఆమె ముందుకు వెళ్లి ముందుభాగం చూడలేదు. నేరుగా ఎడమ పక్కకు వెళ్లి, వంగి, చార కోసం వెతికింది. దొరికాక దాని మీద అరచెయ్యి పెట్టి అలాగే ఉండిపోయింది.

"ఎవరు చేశారు?"

"మా మామగారండీ," అంది కోడలు.

"మానేశారన్నారుగా? మతిమరుపని..." టీచరమ్మ పెద్దమేస్త్రి వైపు తిరిగి, అనకూడని మాట అన్నానేమోనని నాలుక కరుచుకుంది.

పెద్దమేస్త్రి గుడ్డతో వేళ్లు తుడుచుకుంటున్నాడు. "నేను మానలేదమ్మా. ఆపేశారు," అన్నాడు.

ఎవరు అని టీచరమ్మ అడగలేదు. అడగకపోయినా కోడలు, "నేనేనండీ," అంది. "తప్పు నేను చేసి, ఆయన మీద పెట్టాను. మతిమరుపు లేదు. మీకు ఆ రోజు చెప్పింది అబద్ధం." ముఖం మండిపోతున్నా తల వంచలేదు. పెద్దమేస్త్రి గుడ్డ మడిచి జేబులో పెట్టుకుని, రేడియోకు దుప్పటి చుట్టడంలో టీచరమ్మకు సాయం చేశాడు.

అదే రోజు కోడలు కళ్ల డాక్టరుగారి దగ్గరికి వెళ్లింది. రోగులతో పాటు వరసలో కూర్చుంది. ఆయన టార్చి తీసి కన్ను చూడబోతే ఆపి, విషయం చెప్పింది. డాక్టరుగారు టార్చి ఆర్పి బల్ల మీద పెట్టాడు. "బల్ల పోతే పోయింది. చూపు బాగుందని చెబితే ఆయన అంత దిగులుగా ఎందుకు వెళ్లాడో నాకు ఇన్నాళ్లూ అర్థం కాలేదు," అన్నాడు. తర్వాతి రోగిని పిలిచాడు. తిట్టి ఉంటే బాగుండునని దారి పొడవునా అనుకుంటూ నడిచింది.

ఆ తర్వాత పెద్దమేస్త్రి రోజూ కొట్టుకు వచ్చాడు. కొడుకు స్కూటరు తాళం ఇచ్చాడు కానీ మూడేళ్లు కదలని బండి మొరాయించింది. ఇద్దరూ కలిసి ఒక ఆదివారమంతా దాన్ని విప్పి, బిగించి, మళ్లీ విప్పారు. పాత బల్లలూ అద్దాల బీరువాలూ వెతుక్కుంటూ వచ్చాయి. పాత పాలిష్ బతికించే పని అంతా ఆయన కోడలికి చేయించి చూపించాడు. గదమాయించేవాడు, తప్పులు దిద్దేవాడు. క్షమించానని మాత్రం ఏనాడూ అనలేదు. ఆమె కూడా అడగలేదు. ఒక చలికాలం పొద్దున, ఏదో అద్దం చట్రం పట్టుకోమంటూ ఆయన నోటివెంట "అమ్మాయ్" అని వచ్చింది. అలవాటుగా వచ్చిందో, కావాలని అన్నాడో ఆమెకు తెలియలేదు. చట్రం మాత్రం గట్టిగా పట్టుకుంది.

అలా ఏడాదిన్నర గడిచింది. ఒకరోజు గుడ్డ ఉండ తిప్పుతూ తిప్పుతూ ఆయన మధ్యలో ఆగాడు. ఉండను పక్కన పెట్టి, కుడిచెయ్యి వెలుతురులోకి చాపి చూసుకున్నాడు. తర్వాత ఆ చేతిని కోడలి ముందుకు చాపాడు.

"చూడు అమ్మాయ్. వణుకుతోందా?"

వేళ్ల చివరలు సన్నగా, ఆగకుండా కదులుతున్నాయి. లేదని చెప్పడం ఎంత తేలికో ఆమెకు తెలుసు. లేదనాలని ప్రాణం కొట్టుకుంది. ఆ చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుని, కాసేపు పట్టుకుని చూసింది.

"అవును మావయ్యా. వణుకుతోంది."

ఆయన తలూపాడు. చొక్కా చేతులు కిందికి దించుకుని, గుండీలు పెట్టుకుంటూ, "ఆ మూల ఇంకా పల్చగా ఉంది. రెండు చుట్లు ఎక్కువ తిప్పు," అని చెప్పి లోపలికి వెళ్లాడు.